ఏడ్చే జోకర్, కొట్టే జోకర్: ఒక స్పానిష్ సర్కస్ చిత్రంలో ఎవరు ఎవరికి గుర్తు?

సర్కస్ వాళ్లంతా రాత్రి భోజనానికి ఒక బల్ల చుట్టూ చేరతారు. పిల్లలందరికీ ఇష్టమైన జోకర్ సెర్హియో పసిబిడ్డ చావు మీద ఒక మొరటు జోకు చెబుతాడు. అందరూ పగలబడి నవ్వుతారు, నవ్వకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కొత్తగా పనిలో చేరిన హావియేర్ ఒక్కడే నవ్వడు. పైగా, అందులో నవ్వడానికి ఏముందో తనకు అర్థం కాలేదంటాడు. బల్ల చుట్టూ నిశ్శబ్దం. ఆ రాత్రి సెర్హియో కోపమంతా అతని ప్రియురాలు, గాలిలో విన్యాసాలు చేసే నతాలియా ఒంటి మీద దెబ్బలుగా దిగుతుంది.

స్పెయిన్ దర్శకుడు అలెక్స్ దె లా ఇగ్లేసియా 2010లో తీసిన ‘బలాదా త్రిస్తే దె త్రోంపేతా’ చిత్రం స్వభావమంతా ఈ సన్నివేశంలోనే ఉంది. ఆ పేరుకు ‘బాకా ఊదే విషాద గీతం’ అని అర్థం చెప్పుకోవచ్చు. ఇతర దేశాల ప్రేక్షకులకు ఇది ‘ది లాస్ట్ సర్కస్’ అన్న పేరుతో పరిచయం. ఒక అమ్మాయి కోసం ఇద్దరు జోకర్లు కొట్టుకునే కథగా మొదలై, నెత్తుటి బీభత్సంగా మారి, చివరకు ఒక మహా శిలువ మీద ముగిసే ఈ చిత్రాన్ని చూసినవారు సాధారణంగా రెండు రకాల అయోమయంలో పడతారు. ఇది ప్రేమకథా, రాజకీయ కథా అన్నది మొదటిది. రాజకీయ కథే అయితే ఏ జోకర్ ఎవరి పక్షం అన్నది రెండవది. స్పెయిన్ చరిత్ర తెలియనివారికి రెండో ప్రశ్న అసలు తట్టకపోవచ్చు; తెలిసినవారికేమో దానికి జవాబు మరీ తేలికగా దొరికినట్టు అనిపిస్తుంది. ఆ తేలిక జవాబు ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే కథను చివరిదాకా చెప్పుకోక తప్పదు. ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు చిత్రం చూసిన తరువాత చదవడం మేలు.

సర్కస్ లెక్కలో జోకర్లు ఇద్దరు

మన ఊళ్లకు వచ్చిన సర్కస్‌లలో జోకర్లంతా ఒకే తెగగా కనిపిస్తారు: రంగు ముక్కు, వదులు లాగు, విన్యాసానికీ విన్యాసానికీ మధ్య పిల్లలను నవ్వించే పని. ఐరోపా సర్కస్ సంప్రదాయంలో మాత్రం జోకర్ల ఆట జంటతో నడుస్తుంది. ఒకడు ముఖానికి తెల్ల రంగు పూసుకుని, తళతళలాడే దుస్తులు వేసుకుని, కనుబొమను పైకి దిద్దుకుని, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా వస్తాడు. రెండోవాడు ఎర్ర ముక్కుతో, కాళ్లకు సరిపోని బూట్లతో, చెప్పిన పనల్లా పాడుచేసే వెర్రిబాగులవాడు. మొదటివాడు గద్దించాలి, రెండోవాడు తన్నులు తినాలి, జనం నవ్వాలి. ఒకరు లేనిదే ఇంకొకరి వేషానికి అర్థం ఉండదు.

దె లా ఇగ్లేసియా ఈ జంటను తీసుకుని కీలకమైన మార్పు చేశాడు. ఇందులో తెల్ల ముఖం పెద్దరికానికి గుర్తు కాదు, దుఃఖానికి గుర్తు. హావియేర్ వేసేది ‘విషాద జోకర్’ వేషం. అతను బరిలోకి వచ్చేదే దెబ్బలు తినడానికి. సెర్హియో ‘వెర్రి జోకర్’. నవ్వులు, చప్పట్లు, పిల్లల ముద్దులు అన్నీ అతనికే, డేరాలో అధికారం కూడా అతనిదే. సర్కస్ ఆడేది అతని మూలంగానే కాబట్టి అతను తాగి ఎవరిని ఏం చేసినా యజమాని నోరెత్తడు. కొలువులో చేరే రోజున హావియేర్‌తో సెర్హియో ఒక మాట అంటాడు: తాను జోకర్ కాకపోయి ఉంటే హంతకుడయ్యేవాడినని. హావియేర్ తొణక్కుండా, తానూ అంతేనంటాడు. ఆ క్షణాన అది సరదా సమాధానంలా వినిపిస్తుంది.

కథ నడిచే దారి

1937, మాడ్రిడ్. స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తోంది, నగరం ముట్టడిలో ఉంది. పిల్లల కోసం సర్కస్ నడుస్తుండగా, ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వ పక్షపు సాయుధ దళం డేరాలోకి చొరబడి, కళాకారులను ఉన్నపళంగా యుద్ధానికి రమ్మంటుంది. హావియేర్ తండ్రి వెర్రి జోకర్. వేషం తీసే వ్యవధి కూడా లేకుండా, చేతిలో ఒక పొడవాటి కత్తి పెట్టి అతన్ని పోరులోకి తోస్తారు. జోకర్ వేషంలోనే అతను శత్రు సైనికులను ఊచకోత కోస్తాడు. తరువాత పట్టుబడి ఖైదీ అవుతాడు. మాడ్రిడ్‌కు వాయువ్యంగా ఉన్న కొండల్లో, యుద్ధం గెలిచి నియంత అయిన ఫ్రాంకో కట్టిస్తున్న స్మారకం దగ్గర రాళ్లు కొట్టే పనిలో పడతాడు. చూడటానికి వచ్చిన కొడుకుకు అతను చెప్పే మాటలే చిత్రానికి ఇరుసు. నీకు బాల్యం అంటూ లేదు, కనుక నువ్వు పిల్లలను నవ్వించలేవు, విషాద జోకర్‌వే కావాలి అంటాడు. ఆ దుఃఖానికి మందు పగ తీర్చుకోవడమే అని కూడా చెబుతాడు. తండ్రిని విడిపించడానికి కుర్రవాడు పెట్టిన పేలుడు బెడిసికొడుతుంది. తండ్రి సల్సేదో అనే కల్నల్ గుర్రం డెక్కల కింద చనిపోతాడు, కల్నల్ ఒక కన్ను పోగొట్టుకుంటాడు.

అక్కడి నుంచి కథ 1973కు దూకుతుంది. హావియేర్ సర్కస్‌లో చేరడం, నతాలియాను ప్రేమించడం, ఆమె అతని మంచితనానికి దగ్గరవుతూనే సెర్హియో మోటుతనాన్ని వదులుకోలేకపోవడం, విషయం తెలిసిన సెర్హియో హావియేర్‌ను ఆసుపత్రి పాలు చేయడం వరుసగా జరిగిపోతాయి. మంచం మీద నుంచి లేచి వచ్చిన హావియేర్, బాకాతోనే సెర్హియో ముఖాన్ని చితక్కొడతాడు. ఇక ఆ ముఖం చూసి ఏ పిల్లా నవ్వదు. అడవిలోకి పారిపోయిన హావియేర్ బట్టలు లేకుండా మృగంలా బతుకుతుండగా, వేటకు వచ్చిన పాత కల్నల్ చేతికే చిక్కి వేటకుక్కలా చాకిరీ చేయవలసి వస్తుంది. ఆ తరువాత అతను తన ముఖాన్ని తానే కాల్చుకుంటాడు, కాస్టిక్ సోడాతోనూ, ఇస్త్రీపెట్టెతోనూ. రంగు పూసుకుని కడుక్కునే వేషం కాస్తా చర్మంలోకి ఇంకిపోతుంది. అది మొదలు ఇద్దరు జోకర్లూ చెరిగిపోని వేషాలతోనే తిరుగుతారు.

హావియేర్ పాత్రను కార్లోస్ అరేసెస్, సెర్హియోను ఆంటోనియో దె లా తొర్రె, నతాలియాను కరోలినా బాంగ్, తండ్రిని సాంటియాగో సెగురా పోషించారు. దర్శకుడు ఎక్కువగా సహ రచయితతో కలిసి రాసే అలవాటు ఉన్నవాడే అయినా, దీన్ని మాత్రం ఒంటరిగా రాసుకున్నాడు.

ఆ రెండు సంవత్సరాలే ఎందుకు?

ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద 1936 జులైలో సైనికాధికారుల్లో ఒక వర్గం తిరగబడటంతో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైంది. ఒకవైపు రిపబ్లిక్‌ను సమర్థించే వామపక్షాలు, కార్మిక సంఘాలు, ఉదారవాదులు. మరోవైపు తమను జాతీయవాదులుగా చెప్పుకున్న సైన్యం, రాజరికవాదులు, ఫాసిస్టులు, చర్చిలో అత్యధిక భాగం. 1939 ఏప్రిల్ 1న యుద్ధం ముగిసి జనరల్ ఫ్రాంకో గెలిచాడు, 1975 నవంబరు 20న చనిపోయేదాకా నియంతగా ఏలాడు. 1937 అంటే ఫలితం ఇంకా తేలని సంవత్సరం, దేశం రెండుగా చీలి ఎవరి చేతిలో ఏ ఆయుధం పడితే దానితో కొట్టుకున్న కాలం.

1973 మరో రకం సంవత్సరం. నియంత ముసలివాడైపోయాడు, తరువాత ఎవరు అన్న ప్రశ్న గాలిలో ఉంది. జూన్‌లో ఫ్రాంకో తన నమ్మినబంటు అడ్మిరల్ కర్రెరో బ్లాంకోను ప్రధానమంత్రిని చేశాడు. డిసెంబరు 20న మాడ్రిడ్‌లోని క్లౌదియో కోయెయో వీధిలో, ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంత స్వాతంత్ర్యం కోసం పోరాడిన సాయుధ సంస్థ ఈటీఏ సొరంగం తవ్వి పెట్టిన పేలుడుకు అతని కారు ఐదంతస్తుల భవనం మీదుగా ఎగిరి అవతల పడింది. అదే ఏడు స్పెయిన్ ప్రభుత్వ టీవీలో గాబీ, ఫోఫో, మిలికి అనే జోకర్ల సర్కస్ కార్యక్రమం మొదలైంది. ఒక తరం పిల్లలంతా వాళ్ల పలకరింపుకు తెర ముందు కేకలు వేస్తూ పెరిగారు. బిల్బావో నగరంలో 1965 డిసెంబరులో పుట్టిన దె లా ఇగ్లేసియాకు ప్రధాని హత్య నాటికి నిండా ఎనిమిదేళ్లు. టీవీలో ఒక గంట జోకర్లు, మరో గంట బాంబు వార్తలు: ఆ ఇంటి గదిలో పెరిగిన పిల్లవాడి కలలా ఈ చిత్రం ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

‘రెండు స్పెయిన్‌లు’ అన్న భావన

స్పెయిన్‌లో పుట్టే ప్రతి బిడ్డ గుండెనూ రెండు స్పెయిన్‌లలో ఏదో ఒకటి గడ్డకట్టిస్తుందన్న భావాన్ని కవి ఆంటోనియో మచాదో 20వ శతాబ్దం తొలినాళ్లలోనే, అంటే అంతర్యుద్ధానికి ఎంతో ముందే, ఒక చిన్న పద్యంలో చెప్పాడు. సంప్రదాయ, మతవాద స్పెయిన్ ఒకటి. మార్పు కోరే, లౌకిక స్పెయిన్ మరొకటి. యుద్ధం తరువాత ఈ పదబంధం అక్కడి రాజకీయ చర్చలో పాతుకుపోయింది.

ఈ భావనను తీసుకుంటే చిత్రానికి ఒక చక్కని సమీకరణం తయారవుతుంది. సెర్హియో అంటే ఫ్రాంకో స్పెయిన్: కొడతాడు, కొట్టి ముద్దు పెడతాడు, తన జోకుకు నవ్వి తీరాలంటాడు. హావియేర్ ఓడిపోయిన రిపబ్లిక్. ఇద్దరి మధ్య నలిగే నతాలియా స్పెయిన్ దేశం. చిత్రాన్ని ఎక్కువగా వివరించే తీరు ఇదే.

మూడు సన్నివేశాలపై పరీక్ష

మొదటిది వేట సన్నివేశం. కల్నల్ ఏర్పాటు చేసిన వేటకు సాక్షాత్తూ ఫ్రాంకో వస్తాడు. నేలకూలిన పక్షులను నోట కరిచి తెచ్చే పని హావియేర్‌ది. అతను ఉన్నట్టుండి నియంత చేతిని కొరుకుతాడు. ఫ్రాంకోకు వేట వ్యసనమనీ, పాలనా వ్యవహారాలు, సిఫారసులు వేటల్లోనే కుదిరేవనీ స్పెయిన్ ప్రేక్షకులకు తెలుసు. 1961 డిసెంబరు 24న వేటలో తుపాకీ పేలి అతని ఎడమ చేతికి గాయమైన సంగతీ చరిత్రకెక్కినదే. కనుక ఈ కాటు నిజమైన ఒక గాయం చుట్టూ అల్లిన వికట కల్పనగా తోస్తుంది. ఓడినవాడు కుక్కలా బతికి, చివరకు కరిచాడు. సమీకరణం ఇక్కడ బాగానే పనిచేస్తుంది.

రెండోది కర్రెరో బ్లాంకో హత్య. ముఖం కాల్చుకుని, ఆయుధాలు పట్టుకుని నగరంలో తిరుగుతున్న హావియేర్ సరిగ్గా ఆ పేలుడు దగ్గరే ఉంటాడు. అక్కడి నుంచి తప్పించుకుపోతున్న తీవ్రవాదులను చూసి, మీరు ఏ సర్కస్ వాళ్లని అడుగుతాడు. హావియేర్ రిపబ్లిక్‌కు ప్రతినిధి అయితే నియంతృత్వంపై పడిన ఈ దెబ్బను తనదిగా చెప్పుకోవాలి. అతనికి అదేమిటో కూడా తెలియదు. తుపాకీ పట్టిన ప్రతివాడూ అతని కంటికి మరో డేరాకు చెందిన జోకరే. సమీకరణం ఇక్కడ వదులవుతుంది.

మూడోది మొట్టమొదటి సన్నివేశమే. 1937లో బలవంతాన పోరుకు ఈడ్చుకుపోబడిన తండ్రి ఏ వేషంలో ఉన్నాడు? వెర్రి జోకర్ వేషంలో. 1973లో సెర్హియో వేసేదీ అదే. రిపబ్లిక్ కోసం కత్తి పట్టిన వేషమే 36 ఏళ్ల తరువాత కొట్టేవాడి ఒంటి మీదికి వచ్చింది. వేషానికి ఒక పక్షం, పక్షానికి ఒక వేషం అని దర్శకుడు అనుకుని ఉంటే తెర మీద ఇంత పెద్ద పొరపాటు జరగనిచ్చేవాడు కాదు. హావియేర్‌ది మూడు తరాల జోకర్ల కుటుంబం. తాత, తండ్రి పిల్లలను నవ్వించినవారు. నవ్వించే విద్య అతనికి అందలేదు, పగ మాత్రం అందింది. అందుకే అతన్ని రిపబ్లిక్ అనడం కన్నా రిపబ్లిక్ ఓటమిని వారసత్వంగా పొందిన కొడుకు అనడం నాకు సరైనదిగా తోస్తుంది. ఈ చిత్రం యుద్ధం గురించి చెప్పేది తక్కువ, యుద్ధాన్ని ఆస్తిలా కొడుకు చేతిలో పెట్టడం గురించి చెప్పేది ఎక్కువ.

నతాలియా దగ్గర చిక్కు

నతాలియాను దేశానికి గుర్తుగా చూడటంలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. దేశం కొట్టేవాడిని కోరుకుంటుందనీ, మంచివాడి పక్కన ఓదార్పు మాత్రమే పొందుతుందనీ ఒప్పుకోవాలి. నియంతృత్వాన్ని జనం అంతకాలం ఎందుకు భరించారన్న కఠినమైన ప్రశ్నకు ఇది ఒక జవాబని కొందరు అంటారు. దెబ్బలు తిన్న స్త్రీకి ఆ దెబ్బలే ఇష్టమన్నట్టు చూపడం ప్రతీక పేరుతో చెల్లుబాటు అయ్యేది కాదని మరికొందరి అభ్యంతరం. రెండో మాటలో న్యాయం ఉంది. అయితే చిత్రం రెండో సగంలో ఒక మార్పు కనిపిస్తుంది: మంచివాడనుకున్న హావియేర్ కూడా ఆమెను ఎత్తుకుపోతాడు, బంధిస్తాడు. ప్రేమిస్తున్నానంటూనే ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా ప్రవర్తించడంలో ఇద్దరూ సమానమవుతారు. చివర్లో శిలువ ఎత్తున ఆమె ప్రాణం పోయేది ఒకడి చేతిలో కాదు, ఇద్దరి పెనుగులాటలో. తన విన్యాసాలకు వాడే గుడ్డనే నడుముకు చుట్టుకుని దూకిన ఆమె వెన్ను ఆ బిగింపుకే విరుగుతుంది.

సమదూరం అన్న ఆరోపణ

ఇద్దరినీ ఇలా సమానం చేయడమే కొందరికి ఈ చిత్రంపై ఉన్న ప్రధాన ఫిర్యాదు. స్పెయిన్‌లో దీన్ని ‘సమదూరం’ అంటారు: తిరుగుబాటు చేసి గెలిచి దశాబ్దాలు ఏలినవారినీ, ఓడి జైళ్లలో మగ్గినవారినీ ఒకే త్రాసులో పెట్టి ‘ఇద్దరిదీ తప్పే’ అనేసే ధోరణి. ఇది మామూలు సాహిత్య వివాదం కాదు. 1977లో వచ్చిన క్షమాభిక్ష చట్టంతో నియంతృత్వ కాలపు నేరాలపై విచారణకు తలుపులు మూసుకున్నాయి; ఆ కాలాన్ని తవ్వకూడదన్న అలిఖిత ఒప్పందాన్నే ‘మరపు ఒడంబడిక’ అంటారు. 2007లో చారిత్రక స్మృతి చట్టం ఆ మౌనాన్ని కొంత సడలించింది. ఫ్రాంకో కాలపు నేరాలపై దర్యాప్తుకు పూనుకున్న న్యాయమూర్తి బల్తసార్ గార్సోన్ 2010 మేలో విధుల నుంచి సస్పెండయ్యారు. అదే ఏడు డిసెంబరులో ఈ చిత్రం స్పెయిన్ థియేటర్లకు వచ్చింది. అటువంటి వేళ ఇద్దరు జోకర్లూ ఒక్కటే అని వినిపిస్తే బాధితుల పక్షాన ఉన్నవారికి కష్టం కలగడం సహజమే.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. చిత్రంలో తండ్రిని చంపినవాడు ఎవరో, ఖైదీల చేత కొండ తొలిపించినవాడు ఎవరో, మనిషిని కుక్కను చేసినవాడు ఎవరో స్పష్టంగా ఉంది. నేరం ఎక్కడ మొదలైందన్న విషయంలో దర్శకుడు ఏ దాపరికమూ చేయలేదు. ఆ నేరానికి గురైనవాడు చివరికి ఏమయ్యాడన్నదే అతని విషయం. కానీ రెండో సగంలోని కేకలు, మంటలు, తుపాకుల హోరులో ఈ తేడా ప్రేక్షకుడి చెవిని చేరదు. ఆ మేరకు విమర్శకుల ఫిర్యాదులో దర్శకుడికీ వాటా ఉందనుకుంటాను.

ఆదరణ కూడా ఇలాగే చీలింది. 2010 వెనిస్ చిత్రోత్సవంలో క్వెంటిన్ టరంటీనో అధ్యక్షుడిగా ఉన్న న్యాయనిర్ణేతల బృందం దీనికి ఉత్తమ దర్శకుడి వెండి సింహాన్నీ, ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారాన్నీ ఇచ్చింది. స్వదేశంలో జాతీయ సినిమా పురస్కారాలైన గోయా అవార్డులకు 15 విభాగాల్లో పోటీపడి, మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో రెండింటితో సరిపెట్టుకుంది. ఆ ఏటి ఉత్తమ చిత్రం ‘పా నెగ్రే’ కూడా అంతర్యుద్ధం తరువాతి కాలపు కథే. పల్లెలో ఒక పిల్లవాడి కళ్లతో, నెమ్మదిగా చెప్పిన కథ. అప్పటికి స్పెయిన్ ఫిల్మ్ అకాడమీ అధ్యక్షుడు దె లా ఇగ్లేసియాయే కావడం ఒక విచిత్రం.

వికటత్వానికి ఉన్న పాత వేళ్లు

ఈ అతిని అర్థం చేసుకోవడానికి మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఒక వర్ణచిత్రం ఉపకరిస్తుంది. ఫ్రాన్సిస్కో గోయా 1820 తరువాత తన ఇంటి గోడల మీద వేసుకున్న ‘నల్ల చిత్రాల’లో ఒకదానిలో ఇద్దరు మనుషులు దుడ్డుకర్రలతో కొట్టుకుంటుంటారు. ఒకడి ముఖం నెత్తురోడుతోంది, ఇద్దరి కాళ్లూ మోకాళ్ల దాకా నేలలో కూరుకుపోయి ఉన్నాయి, తప్పించుకునే దారి ఎవరికీ లేదు. గోడ నుంచి తీయకముందు పట్టిన పాత ఫొటోలో అది మట్టి కాక గడ్డిలా కనిపిస్తుందని చెప్పే పరిశోధకులు ఉన్నారు. ఏదేమైనా స్పెయిన్ జనం ఆ బొమ్మలో చూసుకున్నది రెండు స్పెయిన్‌ల కొట్లాటనే. నాటకకర్త వాయె-ఇంక్లాన్ 1920లో, స్పెయిన్ బతుకులోని విషాదాన్ని మామూలు అద్దంలో చూపలేమనీ, వంకర అద్దంలోనే అది సరిగ్గా కనిపిస్తుందనీ వాదించి ఆ పద్ధతికి ‘ఎస్పెర్పెంతో’ అని పేరు పెట్టాడు. దె లా ఇగ్లేసియా జోకర్లు ఆ అద్దంలోంచి వచ్చినవాళ్లే. చిత్రం పేరు కూడా అటువంటి వంకర అద్దమే: గాయకుడు రఫాయెల్ 1970 నాటి ఒక చిత్రంలో పాడిన జనాదరణ పొందిన పాట నుంచి అది పుట్టింది. మతి చలించిన హావియేర్ సినిమా హాల్లో కూర్చుంటే, తెర మీద జోకర్ వేషంలో రఫాయెల్ ప్రత్యక్షమవుతాడు.

శిలువ ఎక్కడం

చివరి పోరు జరిగే చోటు ఊహాజనితం కాదు. అది ‘వయ్యే దె లోస్ కైదోస్’, అంటే ‘నేలకొరిగినవారి లోయ’. తండ్రి రాళ్లు కొట్టినది అక్కడే. 1940లో మొదలైన నిర్మాణం 1959లో పూర్తయింది. రాజకీయ ఖైదీలు శిక్ష తగ్గింపు కోసం అందులో పనిచేశారు. కొండను తొలిచిన చర్చి, దాని పైన 150 మీటర్ల రాతి శిలువ, లోపల యుద్ధంలో చనిపోయిన 33,000 మందికి పైగా అస్థికలు. వాటిలో రిపబ్లిక్ పక్షం వారివి చాలావరకు కుటుంబాలకు తెలియకుండా తరలించి తెచ్చినవి. 1975లో ఫ్రాంకోను కూడా అక్కడే పూడ్చారు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే కప్పు కింద ఉండటం సయోధ్యకు గుర్తని కట్టినవారు చెప్పుకున్నారు, అవమానమని బంధువులు అన్నారు. చిత్రం వచ్చిన తొమ్మిదేళ్లకు, 2019 అక్టోబరు 24న, ఫ్రాంకో అవశేషాలను అక్కడి నుంచి తీసి మాడ్రిడ్ శివారులోని కుటుంబ సమాధికి మార్చారు. 2022 నాటి ప్రజాస్వామ్య స్మృతి చట్టం ఆ చోటి పేరును ‘క్వెల్గామూరోస్ లోయ’గా మార్చింది. శిలువ మాత్రం అక్కడే ఉంది.

నతాలియా శవం ఆ శిలువ మీద నుంచి వేలాడుతుండగా ఇద్దరినీ పట్టుకుని పోలీసు వ్యానులో ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరి ముఖం కాస్టిక్ సోడాతో, ఇస్త్రీపెట్టెతో కాలినది. ఇంకొకరి ముఖం అతుకులేసి కుట్టినది. ఒకరినొకరు చూసుకుంటారు. పెదవులు వణుకుతాయి, భుజాలు ఎగిరెగిరి పడతాయి. అది ఏడుపో నవ్వో ఆ ముఖాల మీద పోల్చుకోవడం కష్టం.